రెండోసారి అడిగిన ప్రశ్న

జూన్ 9

ఒసేయ్ మొండిఘటం,

ఈ ఉత్తరం నీ చేతికి అందేసరికి నా పిల్ల ఉడత నీ దగ్గర ఉంటుంది. రైలెక్కేటప్పుడు అది ఏడవలేదు. నేనే ఏడ్చాను. అది నా మొహం చూసి, తనూ ఏడిస్తే నేనింకా ఏడుస్తానని కాబోలు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. రైలు కదలగానే కిటికీ వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. అక్కడ ఏడ్చే ఉంటుంది.

దాని సంగతులు కొన్ని చెప్పాలి నీకు. ఆకలేస్తే అడగదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ దీనికి అడక్కుండానే పెట్టాలి. చీకటంటే భయం, కానీ ఒప్పుకోదు. మాట చాలా తక్కువ. మిల్లు మగ్గాల హోరులో నిలబడి నిలబడి నా చెవులు పోయాయి కదా, మీ బావ కూడా పోయాక ఇంట్లో ఇక మాటలతో పనేముంది? ఇద్దరం మొహాలతోనే బతికాం. నేను దాని పెదాలు చూస్తాను, అది నా కనుబొమలు చూస్తుంది. నాకు దాహమేసిందని నాకు తెలిసేలోపే గ్లాసుతో నీళ్ళు తెచ్చేది. ఇప్పుడు నా నీళ్ళు నేనే ముంచుకుంటున్నాను.

మిల్లు వెనక తొట్టి గోడ మీంచి అది నీళ్ళలోకి దూకుతుంటే చూసి, "అక్కా, ఈ పిల్లని నాకిచ్చెయ్" అన్నావు. ఇచ్చాను. పతకాల కోసం కాదు. ఆ మగ్గాల దగ్గర దాని చెవులు కూడా పోకూడదని ఇచ్చాను.

చిన్నప్పుడు నీకు డైవింగ్ నేర్పిన ఆ విజిల్ మాస్టారు నిన్ను పెట్టిన బాధలు నేను మర్చిపోలేదు. జ్వరంలో దూకమన్నాడు. నువ్వు మెట్ల మీద చతికిలబడి దూకనన్నావు. పొద్దస్తమానం ఎండలో నిలబెట్టినా దూకలేదు. నేనైతే విజిల్ ఊదకముందే దూకేసేదాన్ని. అమ్మ దగ్గర ఉన్న మొండితనమంతా నువ్వే పట్టుకుపోయావు, నాకు తలూపడం ఒక్కటే మిగిలింది. ఉడత నా పోలిక.

అందుకే బయల్దేరేముందు దానికి ఒకే ఒక్క మాట చెప్పాను. "పిన్ని ఏమడిగినా కాదనకు. పిన్ని మొహం చిన్నబోయేలా చెయ్యకు." బుద్ధిగా తలూపింది. ఇక నువ్వూ, అదీ. ఎలా పంపానో అలాగే తిరిగి పంపు.

చెవుల్లేకపోయినా అన్నీ వినే
నీ అక్క


జూలై 2

అక్కా,

ఉడత తింటోంది, పడుకుంటోంది, నవ్వుతోంది. ఈతకొలను పక్కనే అమ్మాయిల గది, దాని పక్కన నా గది. రాత్రి వాళ్ళ వరండా దీపం నేను ఆర్పను, సరేనా?

దాన్ని మాట వినమని పంపావు. మంచిదే. కానీ ఇక్కడ నేను మాట చెప్పను అక్కా, అడుగుతాను. విజిల్ సొరుగులో పడేశాను. విజిల్ వింటే ఒళ్ళు కదులుతుంది గానీ బుర్ర కదలదు. ఒళ్ళు వాళ్ళది, ఎత్తు మీంచి దూకేదీ వాళ్ళే. అలాంటప్పుడు వాళ్ళకి తెలిసిందేమిటో నేను తెలుసుకోవాలి గానీ, నాకు తెలిసింది వాళ్ళ నెత్తిన రుద్దితే ఏం లాభం? అందుకే దూకిన ప్రతిసారీ అడుగుతాను. నీకేం కనిపించింది? కాళ్ళకేం తెలిసింది? మళ్ళీ దూకితే ఏం మారుస్తావు? ఇవాళ ఏం నేర్చుకుందాం? పైకి వెళ్దామా, ఇక్కడే ఉందామా?

మొదట్లో అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఒక పిల్ల ఉంది, దానికి లాయరని పేరు పెట్టాం, ప్రతిదానికీ అడ్డం తిరుగుతుంది. "అది మీరు చెప్పాలి గానీ నన్నడుగుతారేంటి, జీతం ఎవరికిస్తున్నారు?" అంది. పదిరోజులు సణిగి, ఆఖరికి, "దూకేటప్పుడు నాకు నీళ్ళు కనబడట్లేదు, ఎదుటి గోడ కనబడుతోంది" అంది. అంటే గడ్డం పైకి లేస్తోందన్నమాట. అంతకుముందు ఏడాదంతా నేను అరిచి చెప్పినా దిగనిది, తను కనిపెట్టుకుంది కాబట్టి రెండ్రోజుల్లో దిద్దుకుంది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం.

నీ కూతురు మాత్రం వేరే రకం. మిగతావాళ్ళు ఆలోచిస్తారు, వాదిస్తారు. ఇది నేను అడగడమే ఆలస్యం, సరైన జవాబు చెబుతుంది. ఒక్కటీ తప్పు పోదు. ఇలాంటి పిల్లని నేను చూడలేదు.

పెద్దవాళ్ళు నవ్వుకుంటున్నారనుకో. విజిల్ మాస్టారికి ముసలితనం వచ్చింది గానీ నోరు తగ్గలేదు. "పిల్లల్ని అడిగి నేర్పేదానివి, వంట కూడా గిన్నెనడిగి వండుతావా?" అన్నాడు. నవంబరు చివర్లో సెలక్షన్లున్నాయి. నా జట్టులోంచి ఒక్కరైనా ఎంపిక కాకపోతే పిల్లలందర్నీ ఆయనకే అప్పగిస్తామని ఈ కొలను నడిపే కమిటీ అంది. ఆయన చేతికి వాళ్ళని ఇవ్వను అక్కా. ప్రాణం పోయినా ఇవ్వను.

భయపడకు. ఎత్తు మీంచి దూకడంలో మొదట నేర్పేది ఒకటే: చేతులు రెండూ చెవులకి ఆనించి బిగించాలి. నీళ్ళని ముందు అరచేతులు చీల్చాలి, తల కాదు. అది వచ్చాకే పైకి పంపుతాను.

నీ మొండిఘటం


ఆగస్టు 6

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బాగానే ఉంది. కానీ ఈ అడగడమేమిటో నాకు అంతుపట్టలేదు. మా మిల్లులోనూ సూపర్వైజరు పొద్దున్నే వచ్చి, "మగ్గాలన్నీ బాగున్నాయా?" అని అడుగుతాడు. అందరం బాగున్నాయనే అంటాం. బాగాలేదంటే ఆయన మొహం ఎలా మారుతుందో చూశాం కాబట్టి. అంతమాత్రాన మగ్గాలన్నీ బాగున్నట్టా?

నువ్వు పెద్ద చదువులు చదివావు, నీకు చెప్పేంతదాన్ని కాదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని మనవాళ్ళు చెప్పిందే నాకు తెలుసు. చిన్నపిల్లలకి చెప్పాలే గానీ అడగడమేమిటే?

ఇక ఇల్లు. పక్క వాటాలోకి కొత్తగా ఒక ముసలాయన వచ్చాడు, చెక్క పని చేస్తాడు. ఆయన సుత్తి దెబ్బ పడితే మా గచ్చు అదిరి నా అరికాళ్ళకి తెలుస్తుంది. చెవులు పోయాక కాళ్ళే చెవులయ్యాయి నాకు. ఎవరైనా తలుపు తట్టినా అంతే, కాళ్ళతో వింటాను. ఆయనకి ఈ సంగతి చెబితే, "అయితే నీ గుమ్మంలో చెప్పులు విప్పడం నీతో గుసగుసలాడినట్టేనమ్మా" అన్నాడు. సరదా మనిషి.

ఉడత నాకో కార్డు రాసింది. కొత్త జాకెట్లు కావాలిట, తలమీంచి తొడుక్కునేవి వద్దుట, ముందు వైపు గుండీలు పెట్టి కుట్టమంది. పట్నం పోకడలు వచ్చేశాయి నా కూతురికి! నవ్వుకుంటూ నాలుగు కుట్టాను. ఈ ఉత్తరంతోపాటు పార్సిల్ వస్తుంది. గుండీల రంగు నచ్చిందో లేదో అడుగు. నచ్చిందనే అంటుందిలే.

నీ అక్క


సెప్టెంబరు 11

అక్కా,

జాకెట్లు అందాయి. గుండీలు నచ్చాయంది.

మీ సూపర్వైజరుకీ నాకూ పోలికా? ఆయన జవాబు వినడానికి అడగడు. నేను వింటాను. ఆ తేడా నీకు అర్థం కాకపోతే నేనేం చెయ్యను.

ఒక కబురు చెబితే గర్వపడతావు. మొన్న ఉడత తనంతట తానే వెళ్ళి జుట్టు కత్తిరించేసుకుని వచ్చింది. భుజాల దాకా కూడా లేదు. నేను చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. "జడ వేసుకోవడం కుదరట్లేదు పిన్నీ, టైము చాలట్లేదు" అంది. ఇంటినుంచి వచ్చినప్పుడు నోట్లో నాలుక లేని పిల్ల, మూడు నెలల్లో తన గురించి తను నిర్ణయం తీసుకుంది. నేను కోరుకునేది ఇదే. పిల్లలు తమ ఆటకి తామే యజమానులు కావాలి.

ఇంకొకటి. పది మీటర్ల ప్లాట్‌ఫాం ఎక్కింది. నేను ఎక్కమనలేదు. "పైకి వెళ్దామా, ఇంకో నెల కిందే ఉందామా, నువ్వే చెప్పు" అన్నాను. ఒక్క క్షణం నా వైపు చూసి, "వెళ్దాం" అంది. ఆ ఎత్తు నుంచి నీళ్ళు నీళ్ళలా ఉండవు, గచ్చులా తగులుతాయి. కానీ అది పడితే చుక్క చిందదు. విజిల్ మాస్టారు కూడా గొణగడం మానేసి నిలబడి చూశాడు.

లాయరు పిల్ల వచ్చి ఏదో చెప్పింది. ఉడత కుడి పక్కకి తిరిగి పడుకోదుట, ఎప్పుడైనా తిరిగితే నిద్రలో మూలుగుతుందిట. వెంటనే ఉడతని పిలిచి అందరిముందూ అడిగాను, "భుజం నొప్పిగా ఉందా?" అని. నవ్వేసి లేదంది. లాయరుకి మండింది, "మీరలా అడిగితే అదింకేమంటుంది!" అంటూ వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరి మధ్యా పోటీ కొంచెం ఉందిలే.

నొక్కి చూడాలనిపించింది నిజమే. కానీ పిల్ల లేదని చెప్పాక దాని మాట వెనక తవ్వితే, నమ్మకమేముంది? అప్పుడు నాకూ విజిల్ మాస్టారికీ తేడా ఏముంది?

నీ చెల్లి


అక్టోబరు 5

చెల్లీ అని రాయడానికి కూడా చెయ్యి రావట్లేదు.

నా పిల్ల జుట్టు నడుం దాకా ఉండేది. ఆదివారం ఆదివారం నేను నూనె పెట్టి, చిక్కు తీసి వేసిన జడ అది. దాన్ని కత్తిరించుకొస్తే నన్ను గర్వపడమంటావా? అది తనంతట తాను చేసిందంటే నేను నమ్మను. నీటిలో బరువని నీకు అనిపించి ఉంటుంది, నీ మొహంలో అది చూసి ఉంటుంది, వెళ్ళి కత్తిరించుకుని ఉంటుంది.

సరే, అది పోనీ. సెలవులకి నాలుగు రోజులు పంపుతావని కొత్త దుప్పటి పరిచాను. స్టేషనుకి వెళ్ళాను. బండి వచ్చింది, బండి పోయింది. మర్నాడు నీ కార్డు: "ఉండి ప్రాక్టీసు చేస్తానంది." ఎవరు? నా కూతురా? చీకటికి భయపడి నా కొంగు పట్టుకుని పడుకునే పిల్ల, ఇంటికి రానందా? నీ కమిటీ కోసం, నీ పంతం కోసం నా పిల్లని ఆపుకున్నావు. పిల్లికి చెలగాటం, ఎలకకి ప్రాణసంకటం.

కార్డుతో ఫోటో పంపావు కదా, కొలను గట్టు మీద అందరూ గెలిచినట్టు చేతులెత్తి నిలబడ్డది. అద్దం ముందు పెట్టుకున్నాను. నాకు వినబడదు గానీ కళ్ళున్నాయి. అందరూ రెండు చేతులూ ఎత్తారు. ఉడత ఎడమ చెయ్యి ఒక్కటే ఎత్తింది. కుడిచెయ్యి ఎందుకు ఎత్తలేదే? నవ్వుతోంది. రైలెక్కేటప్పుడు నవ్విన నవ్వే అది.

అక్క


అక్టోబరు 19

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు నాకు నీ మీద కోపం. తర్వాత బాధ. పంతమంటావా? నేను దాన్ని కూర్చోబెట్టి అడిగాను. "ఇంటికి వెళ్తావా? లేక ఈ నాలుగు రోజులు ఉండి కొత్తగా నేర్చుకుంటున్న మెలికల డైవు కుదుర్చుకుంటావా? రెండూ మంచివే, నీ ఇష్టం" అన్నాను. "ఉంటా పిన్నీ" అంది. దాని ఇష్టాన్ని గౌరవించడం తప్పయితే ఆ తప్పు నేను చేశాను.

ఫోటో సంగతి. పక్క పిల్ల అడ్డం ఉండి ఎత్తలేదేమో. నీకు దూరాన కూర్చుని ప్రతిదీ భూతంలా కనిపిస్తోంది. అయినా నీ తృప్తి కోసం అడిగాను. "డాక్టరు దగ్గరికి ఇప్పుడే వెళ్దామా, సెలక్షన్లయ్యాక వెళ్దామా?" "అయ్యాక" అంది. అయిపోగానే నేనే తీసుకెళ్తాను. మాట ఇస్తున్నాను.

ఎంపికైతే పిల్లలందరూ నా దగ్గరే ఉంటారు. ఉడతకి ఆ సంగతి తెలుసు, నేను చెప్పలేదు, ఎవరిద్వారానో తెలిసింది. నిన్న సాయంత్రం నా గది ముందు నిలబడి, "నేను బాగా చేస్తే మమ్మల్ని మాస్టారికివ్వరు కదా పిన్నీ?" అని అడిగింది. అది నన్ను ప్రశ్న అడగడం అదే మొదటిసారి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాన్ని దగ్గరికి తీసుకుని భుజం నొక్కాను. ఎందుకో ఒళ్ళంతా బిగుసుకుంది. దానికి ముద్దుచేస్తే సిగ్గు.

చెల్లి


నవంబరు 12

చెల్లీ,

కోపం చల్లారింది. దాని బదులు వేరేదేదో వచ్చి కూర్చుంది గుండెలో. నిమ్మళంగా చదువు.

నిన్న పాలు కాస్తుంటే ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఉడతకి అప్పుడు ఐదేళ్ళో ఆరేళ్ళో. మిల్లు నుంచి వచ్చి అలిసిపోయి ఉన్నాను, గ్లాసులో పాలు పోసి ఇచ్చి, "వేడిగా ఉన్నాయా?" అన్నాను. నా మొహం చూసి లేవని తలూపి గటగటా తాగేసింది. మర్నాడు దాని నోరు తెరిస్తే లోపలంతా పొక్కులు. మళ్ళీ లేచి చల్లార్చాల్సి వస్తుందే అన్న విసుగు నా మొహంలో ఉంది కాబోలు. నేను నోటితో వేడిగా ఉన్నాయా అనడిగాను, మొహంతో తాగెయ్యమన్నాను. అది మొహానికే జవాబు చెప్పింది. ఎప్పుడూ మొహానికే చెబుతుంది చెల్లీ. నేనే అలా పెంచాను.

నువ్వు నీళ్ళ గట్టున నిలబడి దాన్ని అడిగిన ప్రతి ప్రశ్నా నాకిప్పుడు కళ్ళకి కడుతోంది. "పైకి వెళ్దామా?" అన్నప్పుడు నీ మొహం వెలిగి ఉంటుంది. "డైవు కుదుర్చుకుంటావా?" అన్నప్పుడూ వెలిగి ఉంటుంది. గుండీలు ముందుకెందుకు కుట్టమందో, జడ ఎందుకు వేసుకోలేకపోయిందో, చెయ్యి ఎందుకు ఎత్తలేదో, మూడూ పక్కపక్కన పెట్టి చూడు. దాని చెయ్యి పైకి లేవట్లేదు. చేతులు చెవులకి ఆనించి బిగించాలని నాకు రాసింది నువ్వే.

దాన్ని అడగొద్దు. చెయ్యి పట్టుకుని నువ్వే ఎత్తి చూడు. దూకనివ్వకు. సెలక్షన్లు పోతే పోనీ.

దానికీ వేరే కార్డు రాశాను. కాదనకు అని పంపిన నోటితోనే రాశాను: "అమ్మ చెబుతోంది, నొప్పిగా ఉంటే పిన్నితో ఒక్కసారి వద్దని చెప్పి చూడు. పిన్ని ఏమీ అనుకోదు."

నువ్వేమీ అనుకోవు కదా?

అక్క


డిసెంబరు 1

అక్కా,

ఈ ఉత్తరం మా జట్టులో మాలిష్ చేసే అతని చేతికిచ్చి పంపుతున్నాను. అతనితోపాటు వెంటనే బయల్దేరు. ఉడత ప్రాణాలతో ఉంది. ముందు ఆ ముక్క రాశాను. ఇక కూర్చుని చదువు.

నీ ఉత్తరం సెలక్షన్ల ముందు రోజు అందింది. చదివాను. నాకే నేర్పుతోందా అనుకున్నాను. అయినా సాయంత్రం దాని చెయ్యి పట్టుకుని పైకెత్తాను. పూర్తిగా లేచింది, నవ్వుతూనే ఉంది. ఎత్తుతున్నంతసేపూ నా మొహమే చూసింది. నేను దాని మొహం చూశాను గానీ, దాని రెండో చెయ్యి బెంచీ అంచుని పట్టుకున్న తీరు చూడలేదు. లాయరు చూసిందిట. తర్వాత చెప్పింది.

మర్నాడు సెలక్షన్లలో నాలుగు డైవులు చక్కగా చేసింది. ఐదోది మిగిలింది, అది పడితే ఎంపికైనట్టే. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగి వచ్చింది. తడి తువ్వాలు భుజం మీద కప్పుకుని నా ముందు నిలబడి, చాలా మెల్లగా, "పిన్నీ, వద్దు" అంది.

నేను విన్నాను అక్కా. వినలేదని చెప్పను. చక్కగా విన్నాను. ఆర్నెల్లుగా ఎదురుచూసిన మొదటి సొంత మాట అది. నా వెనక బల్ల దగ్గర కమిటీవాళ్ళున్నారు, విజిల్ మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సరే అమ్మా, పద, అనాలి. రెండు ముక్కలు. నేనేమన్నానో తెలుసా? "నిజంగా వద్దా?" అన్నాను.

అంతే. తిట్టలేదు, బలవంతపెట్టలేదు. అలవాటుగా ఒక ప్రశ్న అడిగాను. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు, అక్కడ అద్దం లేదు. దానికి తెలిసింది. "లేదు పిన్నీ, చేస్తా" అని తువ్వాలు నా చేతికిచ్చి మెట్లెక్కింది. నువ్వు ఒక్కసారి చెప్పి చూడమన్నావు. ఒక్కసారి చెప్పి చూసింది.

గాల్లో అంతా బాగుంది. చివర్న కుడిచెయ్యి చెవి దాకా రాలేదు. తల ముందు తగిలింది. ఆ చప్పుడు నువ్వు వినలేవు కాబట్టి నీ అదృష్టం. నేనే దూకి తీశాను.

మెడ ఎముకకి దెబ్బ. భుజంలో కండ ఎప్పుడో చిరిగిందిట, నెలల కిందటే. ఇంకా చెప్పాల్సింది ఉంది. ఇవాళ పొద్దున డాక్టరు దాని మంచం చివర నిలబడి, నేను పక్కనుండగా, "ఈ కాలు ముట్టుకుంటే తెలుస్తోందా అమ్మా?" అని అడిగాడు. అది నా మొహం చూసింది. "తెలుస్తోంది" అంది.

ఆయన ఇంకా కాలు ముట్టుకోలేదు అక్కా.

డాక్టరు నన్ను గదిలోంచి బయటికి పంపేశాడు. పరీక్ష చేయడానికి కుదరట్లేదుట. ఎక్కడ తెలుస్తోందో, ఎక్కడ తెలియట్లేదో ఎవరికీ అర్థం కావట్లేదు. అందరికీ సరైన జవాబులే చెబుతోంది. నువ్వు రా. త్వరగా రా.

చెల్లి


మార్చి 14

అక్కా,

జనవరి నుంచి ఇది నాలుగో ఉత్తరం. ఉడతని నువ్వు ఇంటికి తీసుకెళ్ళాక నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. మాలిష్ అతను చెబితే తెలిసింది, గోడ పట్టుకుని నడుస్తోందని. ఆ రాత్రి నిద్రపోయాను, చాలా రోజుల తర్వాత.

పిల్లల్ని విజిల్ మాస్టారికి ఇచ్చేశారు. నా గది కిటికీలోంచి వినిపిస్తుంది ఆ విజిల్. లాయరు పిల్ల మాత్రం మొదటి రోజే ఆయనతో, "ఎందుకు దూకాలో చెప్పండి, అప్పుడు దూకుతా" అని మెట్ల మీద కూర్చుందిట. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. నా పద్ధతిలో తప్పు లేదని నీకు రాయబోయి ఆగిపోయాను. వద్దనగలిగే పిల్లని ప్రశ్న అడిగితే అన్నం పెట్టినట్టే. వద్దనడం తెలియని పిల్లకి ముందు అది నేర్పాలి. నేను పుట్టుకతోనే మొండిదాన్ని, అది నేర్పాల్సిన విద్య అని నాకెప్పుడూ తోచలేదు.

ఒక్కసారి వచ్చి దాన్ని చూడాలని ఉంది. ఒక్క పూట. నువ్వు రమ్మంటే కాదు, అది రమ్మంటే వస్తాను. దాన్నడిగి చెప్పు.

చెల్లి


మార్చి 29

చెల్లీ,

నీ మీద కోపంతో రాయలేదనుకోకు. ఏం రాయాలో తెలియక రాయలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని కూర్చున్నాం మనం ఇద్దరం. ఎవరి చెయ్యి ముందు కాలిందని లెక్కలు తీసి ఏం లాభం?

ఉడత మెడకి పట్టీ ఉంది. గోడ పట్టుకుని వంటింటి దాకా వస్తుంది. ఎడమ కాలు ఈడుస్తుంది. మొదటి నెల నాకు నరకం. నొప్పిగా ఉందా అంటే లేదు. కూర్చుంటావా అంటే సరే. పడుకుంటావా అంటే సరే. ఇక్కడి డాక్టరు నన్నూ బయటికి పంపేశాడు, అక్కడ నిన్ను పంపినట్టే. అడిగేటప్పుడు దానికి నా మొహం కనబడకూడదు. కానీ నేను దాని పెదాలు చూడకపోతే జవాబెలా తెలుస్తుంది నాకు? చూస్తే అది నన్ను చూస్తుంది. ఇద్దరం ఒకరి మొహాల్లో ఒకరం చిక్కుకుపోయాం.

పక్క వాటా ముసలాయన దారి చూపించాడు. దాని మంచం పక్కకి బరువైన చెక్కబల్ల ఒకటి చేసి, కాళ్ళు గచ్చుకి బిగించి ఇచ్చాడు. ఇప్పుడు నేను దానికి వీపు తిప్పి, గోడకేసి నిలబడి అడుగుతాను. సరేనంటే ఊరుకోవాలి. వద్దంటే పిడికిలితో బల్ల మీద ఒక్కటి కొట్టాలి. ఆ అదురు నా అరికాళ్ళకి తెలుస్తుంది.

వారాల తరబడి నేల చల్లగానే ఉంది, అదురన్నదే లేదు. గోడకేసి నిలబడి అడుగుతూనే ఉన్నాను, పాలు తాగుతావా, దుప్పటి కప్పనా, దీపం ఆర్పనా అని. ఏమీ లేదు. దీపం ఆర్పనా అన్నప్పుడు కూడా ఏమీ లేదు చూడు, చీకటికి భయపడే పిల్ల! ఆర్పి, చీకట్లో నేనే ఏడ్చుకుంటూ కూర్చున్నాను. దానికి నా మొహం కనబడదు కదా.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. సాయంత్రం గోడకేసి తిరిగి, "పిన్ని నిన్ను చూడ్డానికి వస్తానంటోంది, రమ్మని రాయనా?" అని అడిగాను. నేల చల్లగానే ఉంది. సరేనని కాబోలు అనుకుని వెనక్కి తిరగబోయాను.

అప్పుడు కొట్టింది. గ్లాసు కింద పడేంత గట్టిగా. నా కాళ్ళలోంచి మోకాళ్ళ దాకా వచ్చింది ఆ అదురు.

నువ్వు రావొద్దు చెల్లీ. ఇది రాస్తుంటే నీ మొహం నాకు కనబడుతోంది. కానీ నేను దాన్ని రెండోసారి అడగలేదు. నువ్వూ అడగొద్దు.

అక్క